కుంకుమ బొట్టు మూట
(పదకొండో భాగం)

పోయిన వారం మీరు నన్ను మా అత్తగారింటి కొట్టుగదిలో వదిలేసి వెళ్ళారు. ఒక చెయ్యి రాగుల మూట మీద, ఇంకో చెయ్యి కొంగుతో సహా ముక్కు మీద. ఏడు రోజులుగా అలాగే నిలబడి ఉన్నానని ఎవరైనా జాలిపడితే సంతోషమే. కానీ అత్తిమంజేరిపేటలో అప్పటికి గడిచింది రెండు నిమిషాలు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెబుతాను. మా పాప వల్లికి ఆరు నెలలు నిండాయి. రేపు పొద్దున తిరుత్తణి కొండ మీద అన్నప్రాశన. మా ఆయన లోకనాథం మద్రాసు ఆఫీసు నుంచి నేరుగా తిరుత్తణిలో రైలు దిగుతారు. నేను పాపను ఎత్తుకుని, మేము కాపురముండే మణవాళనగర్ నుంచి మూడు రోజుల ముందే పల్లెకు వచ్చాను. కొండ మీద పాప నోట్లో పడబోయే మొదటి ముద్ద మా అత్త మునెమ్మ చేతి రాగి సరి. రాగులు నానబెట్టి, మొలక కట్టి, ఎండేసి, వేపి, విసిరి, ఏలక్కాయ పొడి కలిపి, మెత్తటి పాత పంచెలో మూడుసార్లు జల్లించిన పిండిని బెల్లం నీళ్ళలో ఉడికిస్తే అది రాగి సరి. ఆ పిండి డబ్బా మూత తీయగానే నాకు ఏలక్కాయల కింద నుంచి ఇంకో వాసన కొట్టింది. దాని వెంటబడి కొట్టుగదిలోకి పోయి మూట విప్పితే, గింజల మధ్య సున్నం లాంటి తెల్లపొడి. పురుగుల్ని చంపే గమాక్సిన్.

నిజానికి ఆ ఇంట్లో ఆ వాసన కొత్తది కాదు. మా ఆడబిడ్డ కోకిల భర్త వాసుదేవన్నకు పళ్ళిపట్టులో ఎరువులు, పురుగుమందుల అంగడి. అంగడిలో పట్టని సరుకు ఇంట్లో పట్టిస్తాడు. పెళ్ళైన కొత్తలో ఆ వాసనకు నేను 'అత్తగారింటి వాసన' అని పేరు పెట్టుకుని, మర్యాద తెలిసిన కోడలిని కాబట్టి, ఎవరితోనూ అనకుండా ఊరుకున్నాను.

ఇప్పుడు ఊరుకోలేదు. మూటను చెవులు పట్టుకుని ఈడ్చుకుంటూ నడవలోకి తెచ్చాను.

మా అత్త గోడకు ఆనుకుని తమలపాకు ఈనెలు తీస్తోంది. పాప ఆమె పక్కనే తుంగచాప మీద నిద్రపోతోంది.

"అత్తా, పాప పిండికి రాగులు దీంట్లోనే తీసినారా?"

ఆమె తలెత్తలేదు. "స్వామి మూట అది. నిన్నెవురు తాకమనింది దాన్ని? కాళ్ళు కడుక్కున్యావా?"

"కడుక్కోవాల్సింది చేతులు అత్తా. దీంట్లో గమాక్సిన్ కలిపుండాది."

"అదేం కలిపుండాదో నాకు తెలీదు. బొట్టు కనపళ్ళేదా నీకు?"

కనబడింది. గోనె మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. ఎండి, చెక్కు కట్టి, అయినా ఎర్రగా, చూస్తే దణ్ణం పెట్టుకోవాలనిపించేలాగే ఉంది.

"రెండు మూటలుండాయి లోపల," అంది అత్త, మొద్దు పిల్లకు లెక్క చెబుతున్నట్టు. "బొట్టు లేనిది మేము తినేది. బొట్టు పెట్టింది మీ మామ తై నెల్లో, సంకురాత్రికి, కళ్ళం నుంచి రాంగానే స్వామికని తీసిపెట్టింది. నా మనవరాలికి మేం తినే దాంట్లో తీస్తానా నేను? పొద్దున్నే తలకు పోసుకోని, తిరుత్తణి దిక్కుకు తిరిగి దణ్ణం పెట్టి తీసినా. మొలకలు మిద్దె మీద ఎండేస్తే మూడు దినాలు ఒక చీమ ముట్టలా. ఒక పిచ్చుక వాలలా. పక్కింటి సుబ్బమ్మ చూసి, 'స్వామి సొత్తంటే చీమకైనా భయముంటాది మునెమ్మా' అనింది."

"చీమకు ఉండాది అత్తా భయం. మనకే లేదు."

అప్పుడు తలెత్తింది. మా అత్త చూపులో రెండు రకాలున్నాయి. ఒకటి మామూలు చూపు. రెండోది, పెళ్ళిచూపుల్లో నేను బి.యస్సీ. అని చెప్పినప్పుడు చూసినది. ఇది రెండోది.

"మామా!" అని పెరట్లోకి కేకేశాను. "ఒక్కసారి ఇట్లా వస్తారా?"

మా మామ వరదయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మూటను చూశాడు. దాని ముడి విప్పి ఉండడం చూశాడు.

"దీన్ని ఎందుకమ్మా విప్పినావు? విత్తనం గదా అది."

"ఈ బొట్టు ఎందుకు పెట్టినారు మామా?"

"గ్రామసేవకుడు చెప్పినాడు. విత్తనానికి మందు కలిపినాక మూటకు ఎర్రగా గుర్తు పెట్టండయ్యా, తెలీక ఎవురన్నా తినేస్తారు అన్నాడు. ఇంట్లో ఎర్ర రంగు యాడుండాది? స్వామి గూట్లో కుంకం బరిణె ఉండింది. తీసి పెట్టినా."

అని, తను అన్నది తానే విన్నాడు. తువ్వాలు భుజం మీద వేసుకోబోయి, చేతిలోనే ఉంచుకున్నాడు.

"మునెమ్మా. దీంట్లో రాగులు తీసినావా నువ్వు?"

నేను అనుకున్నదేమంటే, మా అత్త గుండె మీద చెయ్యి వేసుకుని కూలబడుతుందని. కోడళ్ళు ఇలాంటివి అప్పుడప్పుడూ అనుకుంటారు. ఆమె లేచి నిలబడింది.

"కుంకం బొట్టు పెట్టి తినొద్దంటావా? నలబై ఏండ్లుగా ఈ ఇంట్లో కొత్త కుండకు బొట్టు పెడతా ఉండా, పొయ్యికి పెడతా ఉండా, పాలిచ్చే ఎనుముకు పెడతా ఉండా. బొట్టు పెట్టింది యాడైనా విషమని విన్నామా? నా మొగాన కూడా ఉండాదే బొట్టు, నన్నేమంటావు?"

మా మామ తువ్వాలును మడతలు పెట్టడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళ సంసారం ఆయనకు ఆ మాత్రం నేర్పింది.

"నోరు తెరిచి ఒక మాట చెప్తే ఏం పోతాది నీకు?" అత్త వదల్లేదు. "ఇది మందు కలిపిన మూట అని?"

"మందు కలిపినామని చెప్పినానే తై నెల్లో."

"మందంటే నేనేమనుకోవాల? సీసాలో పోసిచ్చేది మందే, అరుగు మీద కూర్చోని మీరు తాగేది మందే. మా అమ్మ బిడ్డలకు ఉగ్గులో కలిపేది మందే!"

సరిగ్గా ఆ మాటకే వాసుదేవన్న మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. వెనక వంటింట్లో నుంచి కోకిల వదిన గరిటెతో వచ్చింది. మూట చుట్టూ అందరం నిలబడి ఉండడం చూసి అతను ముందు నవ్వాడు. నేను విషయం చెప్పాక నవ్వు సగమే మానాడు.

"ఇంతేనా? ఇంతదానికా ఇంత రగడ? విషం విషం అనొద్దు చెల్లెమ్మా. బోర్డు చూడలేదా నా అంగడికి? తెలుగులో పురుగు మందు అని రాసుండా, తమిళంలో పూచ్చి మరుందు అని రాసుండా. యాడా విషమని రాయలేదు."

"పురుక్కి అది మందా అన్నా? వేసినాక దానికి రోగం నయమవుతాదా?"

మా మామ దగ్గాడు. నవ్వు వస్తే ఆయన దగ్గుతాడు. అది వాసుదేవన్నకు కూడా తెలుసు.

"సర్కారే ఇంటింటికీ వచ్చి గోడలకు కొట్టి పోతా ఉండాది దోమలకు! మద్రాసులో మిల్లువాళ్ళు గోదాముల్లో చల్తా ఉండారు. ఊరంతా తింటా ఉండారు, ఎవురు చచ్చినారు?" అంటూ వంగి, మూట అడుగు నుంచి చిటికెడు పొడి తీశాడు. "ఇదో, చూడు."

నాలుక మీద వేసుకున్నాడు.

కోకిల వదిన చేతిలో గరిటె కింద పడింది. "అయ్యో, ఉమ్మండి! ఉమ్మండి అంటా ఉంటే!"

అతను ఉమ్మలేదు. చేతులు రెండూ చాచి, జాతరలో గారడీవాడిలా నా ముందు నిలబడ్డాడు. "చచ్చినానా?"

"ఈ రోజు చావరు అన్నా. దీంతో వచ్చిన చిక్కే అది. తినంగానే చచ్చేదైతే ఎవురూ తినరు."

"మళ్ళీ మొదలు పెట్టింది పాఠం," అంది అత్త.

పాఠమే. ఒప్పుకుంటాను. తిరుపతి కాలేజీలో మా కెమిస్ట్రీ మేడమ్ ఒక పీరియడంతా ఈ పొడి మీదే చెప్పింది. ముందు బెంచీలో కూర్చుని రాసుకున్నదాన్ని, ఇన్నేళ్ళకు ఒక నడవ, నలుగురు శ్రోతలు దొరికితే వదులుతానా?

"ఇది నీళ్ళల్లో కరగదు. అందుకే కడిగితే పోదు. ఒంట్లోకి పోతే అన్ని మలినాల మాదిరి బయటికీ పోదు. కొవ్వు యాడుంటే ఆడ చేరతాది. ఈ పొద్దు కొంచెం, రేపు కొంచెం. నరాలకు చెరుపు, కాలేయానికి చెరుపు. పది ఏండ్లకు ఏ రోగమో వస్తే ఇందువల్లేనని డాక్టరు కూడా చెప్పలేడు. మా మేడమ్ అనేది, కొన్ని విషాలు చుట్టం మాదిరి వచ్చి పోతాయి, ఇది ఇల్లటం అల్లుడు మాదిరి, వచ్చిన ఇల్లు వదలదు అని."

పాఠం వింటున్నవాళ్ళంతా వాసుదేవన్న వైపు తిరిగారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాసుదేవన్న పెళ్ళైన నాటి నుంచి ఈ ఇంట్లోనే ఉంటున్నాడు. అంటే, ఇల్లటం అల్లుడు. మేడమ్ పోలికను నేను పొరబాటున చెప్పానో, పొరబాటున కాక చెప్పానో, ఇప్పటికీ నాకు సరిగ్గా గుర్తు లేదు.

"విన్యావా అమ్మా?" కోకిల వదిన గొంతు మిద్దె తాకింది. "నా మొగుణ్ణి మన నడవలోనే నిలబెట్టి విషమంటా ఉండాది! మణవాళనగర్‌లో నాలుగు నెలలు కుళాయి నీళ్ళు తాగంగానే అంత పొగరా? తమ్ముడు రానీ. రేపు కొండ మీద అందరి ముందరే అడుగుతా!"

"అడుగు వదినా. పాప నోట్లో ఈ పిండి పెట్టకుండా ఉంటే చాలు, ఏమైనా అడుగు."

వాసుదేవన్న పెదాలు బిగించాడు. ఏమైనా అనాలంటే నోరు తెరవాలి మరి. అతను మెల్లగా పెరట్లోకి నడిచాడు. ఆ తర్వాత చాలాసేపు అక్కడ నుంచి పుక్కిలిస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఎవరూ అటు చూడలేదు. కొన్ని మర్యాదలు మా ఇంట్లో కూడా ఉన్నాయి.

మా అత్త మాత్రం యుద్ధం ఆపలేదు. డబ్బా తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

"ఉడకబెడితే చావనిది ఏముండాది? గంటసేపు ఉడకబెడతా."

"ఉడికితే చచ్చేది పురుగు అత్తా. పొడి ఎట్లా చస్తాది?"

"పది దినాలు చేసినా దీన్ని. ఈ చేతులతో విసిరినా. చేతులు చూడు." చాచింది. అరచేతుల్లో విసురుకర్ర కాయలు కాసి ఉన్నాయి. "దీన్ని పారబోయమంటా ఉండావు నువ్వు."

ఆ చేతులు చూశాక నా గొంతు కొంచెం తగ్గింది. కొంచెమే.

"మీ అత్త ఏం చేసేది, రాగులకు పురుగు పట్టకుండా?"

"ఏం చేస్తాది? బాగా ఎండేసేది. వేపాకు వేసేది. కుండ మూతికి బూడిద మెత్తేది."

"అయినా పడితే?"

"పడితే చెరుక్కోని తినేది. అది కూడా నేర్పాల్నా?"

"అంతే కదా అత్తా. పురుగు పట్టిన గింజను చెరుక్కోని తినొచ్చు. పురుగే వద్దన్న గింజ మనకెందుకు?"

జవాబు లేనప్పుడు మా అత్త పొదుపు గురించి మాట్లాడుతుంది.

"సరే. బిడ్డకొద్దు. ఎనుముకు కుడితిలో కలిపి పోస్తా. అన్యాయంగా మట్టిలో పోయను."

"ఎనుముకూ వద్దు! దూరంగా, బావికి ఎగువన కాకుండా గుంట తీసి పూడ్చాల. ఎనుముకు పోస్తే దాని కొవ్వులో చేరతాది. పాలల్లో వెన్నంతా కొవ్వే. ఆ పాలల్లో దిగి మళ్ళీ మన లోటాలోకే వస్తాది. ఎనుమనే కాదు, ఏ తల్లి తిన్నా అంతే. తల్లి ఒంట్లో దాగుండి, పాలల్లో బిడ్డకు దిగతాది. పెద్దోళ్ళకన్నా పసిబిడ్డకే ఎక్కువ చెరుపు."

చాలా బాగా చెప్పాననుకున్నాను. మేడమ్ ఉంటే పదికి తొమ్మిది వేసేది.

మా అత్త డబ్బా మూత మీద వేలితో గీస్తూ ఉండిపోయింది.

ఈలోగా మా మామ మూట ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులూ లోపలికి పెట్టి కొలిచినట్టు చూస్తున్నాడు. "పదారు పడులు పోసి కట్టినా," అన్నాడు తనలో తాను. "అయిదే ఉండాయే. మునెమ్మా, పాప పిండికి ఎన్ని తీసినావు?"

"రెండు."

"తక్కినవి?"

అత్త డబ్బాను ఒళ్ళోకి ఇంకొంచెం లాక్కుంది.

"తొమ్మిది పడులు యాడికి పోయినాయి? నువ్వు తిన్యావా? కోకిల తినిందా?"

"స్వామి మూటను మేమెందుకు తింటాం?" అంది కోకిల వదిన. కోపం ఇంకా దిగలేదు గానీ, గొంతులో ఇప్పుడు ఇంకేదో కూడా ఉంది. "బొట్టు లేనిదే తింటా ఉండాం అందరం."

"కాంచనా," అంది మా అత్త.

ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అరుదు. 'ఏమే', 'ఇదో', 'లోకనాథం పెండ్లామా'. ఇవి నా పేర్లు.

"ఏ తల్లి తిన్నా అంతేనా?"

"ఏంటత్తా?"

"నువ్వు అనింది. ఎనుమే కాదు, ఏ తల్లి తిన్నా అంతేనా?"

"ఏ తల్లైనా అంతే."

ఆమె డబ్బాను కింద పెట్టింది. నడవ దాటి స్వామి గూటి దగ్గరికి పోయింది. పటాల వెనక చెయ్యి పెట్టి ఒక మడత కాగితం తీసింది. నీలం రంగు ఇన్‌ల్యాండ్ లెటర్. దాని మీద కూడా, ఒక మూలన, కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

దస్తూరి దూరం నుంచే గుర్తుపట్టాను. నాదే.

మా ఆయనకు తెలుగు చదవడం కన్నా తమిళం చదవడమే సులువు. వదినా అంతే. ఆ ఇంట్లో తెలుగు ఉత్తరం చదవగలిగేది మా మామ, అత్త. అందుకే నేను ఉత్తరాలు నేరుగా అత్తకే రాసేదాన్ని. అందులో నేను చాలా మంచి కోడలిని.

మా అత్త వెలుతురు పడేలా గడప దగ్గరికి వచ్చి, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, బడిపిల్లలా కూడబలుక్కుంటూ చదివింది.

"మ-హా... మహాలక్ష్మీ సమానురాలైన అత్తగారికి కాంచన నమస్కరించి రాయునది. మీరు నెల నెలా పంపే రాగి పిండి అందింది. రోజూ రెండు పూటలా జావ కాచుకుని తాగుతున్నాను. పాలు బాగా పడుతున్నాయి. పాప కడుపు నిండా తాగి ఒళ్ళు చేసింది. ఇంత ఎండల్లో కూడా మీ పిండికి ఒక్క పురుగైనా..."

అక్కడ ఆగింది. వేలు అక్కడే ఉంది.

తర్వాతి మాటలు ఆమె చదవనక్కర్లేదు. రాసింది నేనే, నాకు తెలుసు. 'ఒక్క పురుగైనా పట్టలేదు. అంతా మీ చేతి మహిమ.'

పురుడయ్యాక పుట్టింటి నుంచి మణవాళనగర్ చేరిన రోజు నుంచి, నాలుగు నెలలు. నెలకొక డబ్బా. పల్లె నుంచి ఎవరు వచ్చినా అత్త వాళ్ళ చేతికిచ్చి పంపేది. మూత తీసినప్పుడల్లా ఏలక్కాయల కింద నుంచి ఏదో వాసన వచ్చేది. అత్తగారింటి వాసనే కదా అనుకుని, ఇంకొంచెం బెల్లం వేసుకునేదాన్ని.

"బాలింతకు బలం గదా అని," అంది మా అత్త. నాతో కాదు, కాగితంతో. "మేం తినే దాంట్లో తీయకుండా, స్వామి దాంట్లో తీసి పంపినా."

పెరట్లో పుక్కిలింత ఆగిపోయింది. మా మామ చేతులు ఇంకా మూటలోనే ఉన్నాయి. కోకిల వదిన వంగి గరిటె తీసుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కొంగుతో తుడుస్తూ నిలబడింది. నన్ను తిట్టడానికి ఆమెకు ఇంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదు. తిట్టలేదు. దానికే నాకు భయం వేసింది.

చాప మీద పాప కదిలింది. పిడికిలి నోట్లో పెట్టుకుని చీకింది. అది పాలు కాదని తెలిసి, కళ్ళు తెరవకుండానే గొంతు ఎత్తింది.

నాకు రవిక తడిసింది. తల్లి ఒంటికి రసాయన శాస్త్రం తెలీదు. బిడ్డ ఏడిస్తే దాని పని అది చేసేస్తుంది.

అలవాటుగా రెండు అడుగులు వేశాను. అలవాటుగా చెయ్యి రవిక ముడి దగ్గరికి పోయింది. అక్కడ ఆగిపోయింది.

మా అత్త వచ్చి పాపను ఎత్తుకుంది. భుజాన వేసుకోలేదు. రెండు చేతుల మీదా పెట్టుకుని నా ముందుకు తెచ్చింది. ఇవ్వనూ లేదు, వెనక్కి తీసుకోనూ లేదు. పాప ఎర్రగా ఏడుస్తూ, నా వాసన పట్టి, నోరు తెరుచుకుని నా వైపే తల తిప్పింది.

"సదువుకున్నదానివి," అంది మా అత్త. ఈసారి ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. "నువ్వే చెప్పు. ఇయ్యనా, వద్దా?"